డాక్టరు గొట్టం మీద దసరా బొట్టు

నాకు సంతకం పెట్టడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. అయినా పదమూడేళ్ళు నాంపల్లిలో మంచి పేరున్న ఒక దవాఖానలో ఎవరికి ఏం జబ్బో తేల్చింది నేనే. డాక్టరు గారు మందు మాత్రం రాసేవారు.

ఈ మాట అంటే మా మనవరాలు ఫక్కున నవ్వింది. అది నర్సు చదువు చదువుతున్నది. "నువ్వు చెప్పు అమ్మమ్మా, నేను రాసుకుంటా, మా క్లాసు పిల్లలకు వినిపిస్తా" అని కాగితాలు పట్టుకొని కూర్చున్నది. సరే, నేను చెప్పేది చెబుతాను, అది దిద్దేది దిద్దుతుంది. పేర్లు మాత్రం అడగకండి. ఆ మనుషుల్లో సగం మంది పోయారు, మిగతా సగం మందికి మనవలూ మనవరాళ్ళూ ఉన్నారు.

మా ఆయన ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సులో అచ్చుకు అక్షరాలు కూర్చేవాడు. పొద్దస్తమానం వేళ్ళ మధ్య అక్షరాలే ఆడేవి, ఇంటికొచ్చి నాకు ఒక్కటి నేర్పే ఓపిక మాత్రం ఉండేది కాదు. కామెర్లతో పోయాడు. అప్పటికి నా పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నదానికి రెండు. ప్రెస్సు యజమాని తనకు తెలిసిన డాక్టరుకు ఒక మాట చెప్పి నన్ను ఆయాగా పెట్టించాడు. స్టేషన్ దగ్గర నుంచి ఆబిడ్స్ వైపు పోయే దారిలో, ఇరానీ హోటలు పక్కన, ముందు గదిలో రెండు బెంచీలు, వెనక నల్లా ఉన్న వాకిలి. అదే దవాఖాన. ఊడవడం, సూదులు ఉడకబెట్టడం, తువ్వాళ్ళు ఉతకడం, తలుపు దగ్గర లైను చూసుకోవడం నా పని.

డాక్టరు గారు రాష్ట్రం ఒక్కటయ్యాక కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. మంచివారు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత చెప్పేవి విని మీరు ఇంకోలా అనుకుంటారని. మొదట్లో ఆయన ఒక్కొక్క మనిషిని చూసే తీరు చూడముచ్చటగా ఉండేది. నాలుక చూసేవారు, కంటి రెప్ప లాగి చూసేవారు, కడుపు నొక్కేవారు. మెడలో ఉన్న గొట్టం తీసి ముందు గుండె మీద, తర్వాత వీపు మీద పెట్టి కళ్ళు మూసుకొని వినేవారు. చూడటం అయ్యాక, "ఏం లేదమ్మా, వేణ్ణీళ్ళు తాగు, నాలుగు రోజుల్లో అదే పోతుంది" అని చాలా మందిని ఉత్త చేతులతో పంపేవారు.

ఉత్త చేతులతో పంపితే ఎవరికి నచ్చుతుంది? ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసే హమాలీ ఒకడు బయటికొచ్చి నా ముందే అన్నాడు. "ఏందమ్మా, గీయన మందియ్యకుంట నీళ్ళు తాగుమంటడు. నీళ్ళు నాకింట్ల లేవా?"

అప్పుడే క్యాప్సూళ్ళు బాగా వస్తున్నాయి. ఒకటి ఎరుపూ పసుపూ, ఇంకొకటి పూర్తి తెలుపు. ఇప్పుడు వాటిని యాంటీబయాటిక్ అంటారని మా మనవరాలు చెబుతున్నది. మాకు అప్పుడు అది రంగుల గోలీ. టై కట్టుకున్న కంపెనీ మనిషి నెలకోసారి తోలు సంచీ పట్టుకొని వచ్చి, ఊరికే ఇచ్చే మందుల డబ్బాలు, గోడకు వేసే క్యాలెండర్లు పెట్టి పోయేవాడు. మిక్చరు వారం తాగినా తగ్గని జ్వరం ఈ గోలీ మూడు రోజుల్లో తగ్గించింది అని పేరొచ్చింది. ఆ జ్వరాల్లో చాలా వాటికి మూడు రోజులు ఆగితే చాలు, గోలీ అక్కర్లేదు అని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. అప్పటికి మా డాక్టరు హస్తవాసి గురించి బషీర్‌బాగ్ ఆఫీసుల దాకా చెప్పుకుంటున్నారు. లైను మా మెట్లు దిగి హోటలు ముందుకు పోయింది. హోటలు ఆయన కోప్పడలేదు, లైనులో ఉన్నవాళ్ళు చాయ్ తాగేవారు.

అంత మందిని ఒక్కరు ఎట్లా చూస్తారు? అందుకని డాక్టరు గారు బిళ్ళల పద్ధతి పెట్టారు. నాకు రాయడం రాదు కనుక రేకు ముక్కలు గుండ్రంగా కోయించి రంగులు వేయించారు. జ్వరమైతే ఎర్ర బిళ్ళ. దగ్గూ జలుబూ అయితే పసుపు. కడుపుదైతే నీలం. ఈ మూడింటిలో దేనికీ లొంగనిది ఏదైనా ఉంటే, అంటే దెబ్బ, గడ్డ, మనిషిని ముట్టి చూడాల్సినది, దానికి తెల్ల బిళ్ళ. నేను తలుపు దగ్గర "ఏం బాధ?" అని అడిగి బిళ్ళ చేతిలో పెట్టాలి. వాళ్ళు లోపలికి పోయి దాన్ని బల్ల మీద పెట్టాలి. డాక్టరు గారు బిళ్ళ రంగు చూసి చీటీ రాస్తారు. ఎర్రదానికి ఒక గోలీ, పసుపుదానికి ఇంకొకటి, నీలానికి రెండూ. వయసు ఎంతని ఒక్కటి అడిగేవారు. తల ఎత్తాల్సిన పని లేదు.

కొన్నాళ్ళకు వయసు కూడా అడగడం మానేశారు. గొంతును బట్టి తెలుస్తుందట.

తెల్ల బిళ్ళ వస్తే మాత్రం ఆయన ముఖం మాడేది. కుర్చీలో నుంచి లేవాలి మరి. "ఇన్ని తెల్లవి ఎందుకిస్తున్నావమ్మా, కాస్త ఆలోచించి ఇవ్వు" అని నాతో రెండు మూడుసార్లు అన్నారు. నేను ఆలోచించి ఇవ్వడం మొదలుపెట్టాను. చంకలో గడ్డ, దానివల్ల జ్వరం అంటే ఎర్ర బిళ్ళే ఇచ్చేదాన్ని. తెల్ల బిళ్ళలకు దుమ్ము పట్టింది. నా ఆలోచన బాగా పెరిగిందని డాక్టరు గారు మెచ్చుకున్నారు.

తర్వాత తర్వాత రోగి కూడా రావాల్సిన పని లేకపోయింది. "మనిషి ఇంట్ల పండుకున్నడు, బిళ్ళ నాకియ్యి" అని పెళ్ళాం వచ్చేది. ఆఫీసుల వాళ్ళు చప్రాసీని పంపేవారు. ఒక చప్రాసీ ఒకేసారి ముగ్గురు గుమాస్తాల దగ్గులు పట్టుకొచ్చి మూడు పసుపు బిళ్ళలు తీసుకుపోయాడు. నేనూ అంతే. నా పిల్లలకు ముక్కు కారితే డబ్బాలో నుంచి గోలీ విప్పి, తేనెలో కలిపి నాకించాను. దవాఖానలో పని చేసే తల్లి ఉన్నదని మా వాడలో నా పిల్లలకు మర్యాద ఉండేది. మా చిన్నదాని పళ్ళు ఇప్పటికీ మాసిన పసుపు రంగులో ఉంటాయి. చిన్నప్పుడు మింగిన ఆ గోలీల వల్లే అని పెళ్ళీడుకొచ్చాక ఒక పళ్ళ డాక్టరు చెప్పాడు. ఇది రాస్తున్నది దాని కూతురే. రాయవే, ఎందుకు ఆగుతావు.

ఇక మా కంపౌండరు సంగతి. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. తాతల నాటి నుంచి హైదరాబాదువాళ్ళే. తెల్ల కమీజు, భుజాన తువ్వాలు, చెవి మీద పెన్సిలు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. డాక్టరు గదికీ ఆయన మందుల గదికీ మధ్య చెక్క గోడ. ఆ గోడకు ఒక కిటికీ, బయటి వైపు రోగులకు ఇంకో కిటికీ. ఎర్రటి దగ్గు మందు సీసాలో పోసి, ఎన్ని పూటలో తెలిసేట్టు కాగితం మీద గాట్లు కత్తిరించి అతికించేవాడు. ఆ కత్తిరింపు చూస్తే దర్జీలు సిగ్గుపడాలి.

దసరాకు పనిముట్లకు పూజ కదా. మొదటి రెండేళ్ళు డాక్టరు గారి భార్య హిమాయత్‌నగర్ నుంచి వచ్చి సూదులకూ, కత్తెరకూ, గొట్టానికీ పసుపు రాసి బొట్టు పెట్టి పోయింది. మూడో ఏడు రాలేదు. నేను ముట్టుకోకుండా పక్కన నిలబడితే కంపౌండరు, "నువ్వే పెట్టు చెల్లె" అన్నాడు.

"నేనెట్ల పెడ్తనన్నా, మొగడు పోయినదాన్ని."

"గొట్టానికి ఎరుకనా నీ మొగడు ఉన్నడో పోయిండో? పెట్టు. జర పెద్దగ పెట్టు, ఆయన కండ్లవడాలె."

అప్పటి నుంచి నేనే పెట్టేదాన్ని. గొట్టం చివర గుండె మీద ఆనించే బిళ్ళ ఉంటుంది చూడండి, దాని మీద తడి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేదాన్ని. డాక్టరు గారు గొట్టాన్ని మెడలో వేసుకోవడం మానేసి దేవుడి పటం కింద మేకుకు తగిలించి చాలా కాలమైంది. రోజూ బొట్టు చెరగకుండా చుట్టూ దుమ్ము తుడిచేదాన్ని. మళ్ళీ దసరాకు చూస్తే పాత బొట్టు పెట్టినట్టే ఉండేది, కాస్త నల్లబడి. దాని మీదే కొత్తది పెట్టేదాన్ని. అందులో ఏం తప్పున్నదో నాకప్పుడు తోచలేదు. దేవుడి సొమ్ము కదా, ఎవరూ ముట్టడం లేదు అనుకున్నాను.

అట్లా ఉండగా ఒక ఏడు దీపావళి అయ్యాక కంపౌండరుకు దగ్గు మొదలైంది. చలికాలం, అందరికీ ఉన్నదే. ఉగాది వచ్చినా పోలేదు. మనిషి కమీజులో వదులయ్యాడు. అడిగితే "ఏం గాలే చెల్లె, సీసాల గాలి పడ్తలేదు" అనేవాడు. భుజం మీది తువ్వాలుకు ఎర్ర మరకలు కనిపించేవి. "ఎర్ర మందు ఒలికింది" అనేవాడు. ఎర్ర మందు కలిపే మనిషి తువ్వాలుకు ఎర్ర మరక ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? నెలల తరబడి అది చూసి నేను తిట్టిన తిట్టు ఒక్కటే, ఇంత మందు ఒలకబోస్తావేమిటని.

మా డాక్టరు గారికి ఆ దగ్గు వినపడలేదని కాదు. మధ్యలో ఉన్నది చెక్క గోడ. ఒకరోజు గోడ అవతల దగ్గు ఆగకుండా వస్తుంటే ఆయన గంట కొట్టి నన్ను పిలిచారు. తల వంచి రాస్తూనే, "ఆ దగ్గుతున్న పేషెంటుకు పసుపు బిళ్ళ ఇచ్చి ముందు పంపించమ్మా, పాపం" అన్నారు.

నేను వెళ్ళి కంపౌండరుకు చెప్పాను. ఇద్దరం నోటికి కొంగూ తువ్వాలూ అడ్డం పెట్టుకొని నవ్వాం. నవ్వితే ఆయనకు మళ్ళీ దగ్గొచ్చింది.

తువ్వాళ్ళు రోజూ ఆయనవి ఆయనే చన్నీళ్ళలో పిండి ఆరేసుకునేవాడు. ఒక సోమవారం మరిచిపోయాడో, చేతకాలేదో, ఆయన తువ్వాలు మిగతా వాటితో కలిసి నా దగ్గరికొచ్చింది. నేను అన్నిటినీ సోడా వేసి మరిగే నీళ్ళలో వేశాను. ఎర్ర మందు మరక నీళ్ళు తగిలితే చాలు, రంగు వదిలేస్తుంది. ఇది వదల్లేదు. వేడికి ముదిరి ఇటుక రంగుకు తిరిగి బట్టను పట్టుకున్నది. రెండు కాన్పుల బట్టలు ఉతుక్కున్న ఆడదాన్ని, అది ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కట్టెతో తువ్వాలు పైకెత్తి అట్లాగే నిలబడ్డాను.

మరునాడు పొద్దున దవాఖాన తెరవకముందే ఆయన్ని వెనక వాకిట్లో పట్టుకున్నాను. తువ్వాలు ముందు వేశాను.

"ఏందన్నా గిది?"

చూశాడు. "మందు," అన్నాడు.

"మందు గిట్లుంటదా? నేను బట్టలు ఉతికేదాన్నన్నా, నాకు చెప్తున్నవా?"

అప్పుడు నల్లా గట్టు మీద కూర్చున్నాడు. "గట్టిగ ఒర్లకు. కంపౌండరుకు క్షయ అంటే ఈ చేత్తోని కలిపిన మిక్చరు ఎవడు తాగుతడు? పని పోతది. ఇంట్ల తొమ్మిది మందిమి ఉన్నం."

"పాణం పోతే పని ఉంటదా?"

"ఊకె లేను చెల్లె. మందు ఏస్కుంటనే ఉన్న. అయిదు రోజులు ఎర్ర గోలీ, అయిదు రోజులు తెల్ల గోలీ. గా కంపెనీ డబ్బాల నుంచి."

"డాక్టరుకు చూపించినవా?"

ఆయన నవ్విన తీరు నాకిప్పటికీ కళ్ళముందున్నది. "చూపిస్తే ఏం రాస్తడు? గదే రాస్తడు. ఆయన రాసేది నాకు ఎరుకే గద. ఆయనకు తక్లీఫ్ ఎందుకని నేనే రాసుకున్న."

అయినా వదల్లేదు. లోపలికి పోయి కూర్చో, లేకపోతే నేనే పోయి చెబుతాను అన్నాను. తెల్ల బిళ్ళ తీసి చేతిలో పెట్టబోయాను. చేయి వెనక్కి తీసుకున్నాడు.

"తెల్లది వద్దు. పసుపుదియ్యి. షర్తు కడ్దాం. గా కుర్చీల కూసుంట. ఆయన తలకాయెత్తి నన్ను చూసిండనుకో, అంత చెప్పేస్త. చూడలేదనుకో, నువ్వు మల్ల గీ ముచ్చటెత్తొద్దు."

ఒప్పుకున్నాను. పదేళ్ళుగా కలిసి పనిచేస్తున్న మనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటే చూడరా, గెలిచేది నేనే అనుకున్నాను.

పది గంటలకు లైను బాగా ఉన్నప్పుడు ఆయన మందుల గదిలో నుంచి బయటికొచ్చి లైనులో నిలబడ్డాడు. జనం ఏదో పనిమీద వచ్చాడనుకున్నారు. వంతు వచ్చింది. లోపలికి వెళ్ళి పసుపు బిళ్ళ బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. నేను తలుపు తెర పట్టుకొని చూస్తున్నాను.

"ఎన్నాళ్ళుగా దగ్గు?" అన్నారు డాక్టరు గారు. నాకు ఆశ పుట్టింది. ఈ ప్రశ్న ఈ మధ్య ఎవర్నీ అడగలేదు.

"శాన రోజులాయె సార్."

కలం అప్పటికే నడుస్తున్నది. "మూడు పూటలా ఒకటి. అయిదు రోజులు వాడండి. తగ్గకపోతే మళ్ళీ రండి." చీటీ చించి ముందుకు తోశారు. "తర్వాత ఎవరు?"

కంపౌండరు చీటీ తీసుకొని బయటికొచ్చాడు. షర్తు గెలిచాడు. గెలిచినవాడి ముఖం కాదది. మందుల గదికి పోతాడనుకుంటే పోలేదు. రోగుల బెంచీ మీద ఒక ముసలమ్మ పక్కన జాగా చూసుకొని, చీటీ మోకాలి మీద పెట్టుకొని కూర్చున్నాడు.

లోపల్నుంచి చీటీలు వస్తూనే ఉన్నాయి. కిటికీ దగ్గర మనుషులు గుమికూడారు. కిటికీ వెనక ఎవరూ లేరు.

"కంపౌండర్ సాబ్, గీడ కూసున్నవేంది? మందియ్యవా?" అన్నది ముసలమ్మ.

"నాదీ చిట్టీ ఉన్నదమ్మా. ఇచ్చెటోడు రావాలె గద."

"నువ్వే గాదె ఇచ్చెటోనివి?"

"ఇయ్యాల పేషెంటును."

కొందరు నవ్వారు. కొందరు రైలు టైమైపోతున్నదని గొడవ మొదలుపెట్టారు. లైను ఆగిపోయింది. ఆ దవాఖానలో లైను ఆగడం నేను చూడలేదు అప్పటిదాకా. లోపల గంట ఒకసారి మోగింది, రెండోసారి గట్టిగా మోగింది. నేను కదల్లేదు. చివరకు తెర తీసుకొని డాక్టరు గారే వచ్చారు.

"ఏవిటీ గోల? కంపౌండరు గారు ఎక్కడ?"

"గీడ్నే ఉన్న సార్," అని కంపౌండరు లేచి నిలబడ్డాడు.

"ఇక్కడ కూర్చున్నారేవిటి? అక్కడ జనం..."

"చిట్టీ పట్టుకొని కూసున్న సార్." చేయి చాపి ఇచ్చాడు.

డాక్టరు గారు చదివారు. తన రాతే. "ఎవరిదిది?"

"నాదే. ఇప్పుడే రాసిచ్చిన్రు."

"మీకు నేనెప్పుడు..." అని ఆయన చీటీ వైపూ, మనిషి వైపూ మార్చి మార్చి చూశారు. అప్పుడు చూశారు ఆయన. ఎముకలు తేలిన భుజాలు, లోపలికి పోయిన దవడలు, అన్నీ ఒకేసారి. "ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉంది?"

"దీపావళి కాడికెళ్ళి."

"నాకెందుకు చెప్పలేదు?"

"రోజు చెప్తనే ఉన్న సార్, గోడ అవతలికెళ్ళి. మీరు ఇన్లేదా?"

నేను కొంగులో నుంచి తెల్ల బిళ్ళ తీసి డాక్టరు గారి చేతిలో పెట్టాను. తువ్వాలు సంగతి చెప్పాను, ఎర్ర మందని నేను నెలల తరబడి నమ్మిన సంగతి కూడా చెప్పాను. ఆయన నా మీద కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. కంపౌండరు భుజం పట్టుకొని లోపలికి తీసుకుపోయి, మేకు మీది గొట్టం తీసి చెవుల్లో పెట్టుకున్నారు. అలవాటు తప్పిందేమో, కమీజు తీయమనడం కూడా మరిచిపోయి పైనుంచే ఛాతీ మీద ఆనించారు. ఎండాకాలం, కమీజు చెమటతో తడిసి ఉన్నది. చేయి తీయగానే తెల్ల కమీజు మీద ఎర్రగా రూపాయంత మరక.

నెత్తురు బయటికే వచ్చేసింది అనుకున్నాను.

కంపౌండరు తల వంచి చూసుకున్నాడు. "ఫికర్ చెయ్యకు చెల్లె. గిది నువ్వు పెట్టిందే."

"ఏవిటిది?" అన్నారు డాక్టరు గారు, గొట్టం తిప్పి చూస్తూ.

"దసరా బొట్టు సార్," అన్నాను.

"ఏ దసరా?"

గోడ మీద కంపెనీ వాళ్ళ క్యాలెండరు ఉన్నది. ఆయన దాని వైపు చూసి, మళ్ళీ చేతిలోని గొట్టం వైపు చూసి, కుర్చీలో కూర్చున్నారు. రోగి కుర్చీలో.

తర్వాత మాత్రం మనిషి మొదటి రోజుల్లో ఉన్నట్టే ఉన్నారు. కమీజు విప్పించి ముందూ వెనకా చాలాసేపు విన్నారు. రిక్షా పిలిపించి తానే ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీయించడానికి తీసుకుపోయారు. దవాఖాన మూసేశారు. లైనులో వాళ్ళు నన్ను తిట్టిన తిట్లు నా ఆయుష్షును పెంచే ఉంటాయి.

అనుమానించిన జబ్బే అయింది. ఊరి బయట క్షయ దవాఖానలో చేర్పించారు. పని పోదని డాక్టరు గారు వాళ్ళింటికి పోయి చెప్పి వచ్చారు, వస్తాననగానే కిటికీ ఆయనదే అన్నారు. రోజూ సూది, పిడికెడు గోలీలు, ఏడాదిన్నర పట్టింది. ఇంకో నెల ఆలస్యమైతే చేయగలిగింది ఏమీ ఉండేది కాదని అక్కడివాళ్ళు అన్నారట. అయిదు నెలలు ఆయన మింగిన రంగుల గోలీలు ఆ జబ్బును తాకనైనా తాకలేదు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుందని మా మనవరాలు అంటున్నది. ఆపను. తర్వాత జరిగింది కూడా వినాలి మీరు.

బిళ్ళల పెట్టె అటక ఎక్కింది. డాక్టరు గారు గొట్టం మెడలో వేసుకున్నారు. ప్రతి మనిషినీ చూశారు, విన్నారు, "ఇది జలుబమ్మా, గోలీ అక్కర్లేదు" అన్నారు. ఆ దసరాకు నేను పెట్టిన బొట్టు మరునాటి పొద్దు దాకా ఉండలేదు. చూసి నా కడుపు నిండింది. కానీ రోగుల కడుపు నిండలేదు. "గీయనకు ఏమైందమ్మా? పట్టుకొని చూస్తడు, దగ్గుమంటడు, పీల్చుమంటడు, గోలీ మాత్రం ఇయ్యడు," అన్నది ఒకామె. "రోగం దొరుకుతలేదేమో, ఎతుకుతున్నడు," అన్నది ఇంకొకామె. హస్తవాసి పోయిందన్నారు. పక్క గల్లీలో కొత్త డాక్టరు ఒకాయన వచ్చాడు. అడిగిన వెంటనే రెండు రంగుల గోలీలూ కలిపి రాస్తాడట. లైను లేచి అక్కడికి పోయింది. మా బెంచీల మీద నేను నడుం వాల్చేంత జాగా వచ్చింది.

డాక్టరు గారు ఎన్నాళ్ళు ఓర్చుకుంటారు? మరుసటి దసరా బొట్టు వారం ఉన్నది. ఆ తర్వాతది దీపావళి దాకా. ఒకరోజు ఆయనే కాస్త సిగ్గుపడుతూ, "ఆ పెట్టె ఎక్కడ పెట్టావమ్మా?" అని అడిగారు. అటక మీది నుంచి దించి ఇచ్చాను. నాకూ ఇద్దరు పిల్లలు.

కంపౌండరు అప్పటికి తిరిగి వచ్చి ఉన్నాడు. ఒళ్ళు వచ్చింది, దగ్గు పోయింది, కానీ ఆ సూదులకు చెవులు బాగా మందగించాయి. రోగులు తమ విరేచనాల సంగతి ఇరానీ హోటలు దాకా వినపడేట్టు అరిచి చెప్పాల్సి వచ్చేది. డాక్టరు తల ఎత్తరు, కంపౌండరుకు వినపడదు, ఆయాకు అక్షరం రాదు. లైను మాత్రం మళ్ళీ మెట్లు దిగింది.

బిళ్ళలు తిరిగి వచ్చాక, నెల మొదటి సోమవారం కంపౌండరు పెట్టెలో నుంచి తెల్ల బిళ్ళ తనే తీసుకొని, లైనులో నిలబడి, లోపలికి పోయి బల్ల మీద పెట్టాడు. డాక్టరు గారు తెల్లది చూసి చిరాకుగా తల ఎత్తారు. ఎదురుగా ఈయన. కమీజు గుండీలు విప్పుకుంటూ.

"బాగానే ఉన్నారు కదా?" అన్నారు డాక్టరు గారు.

"ఆఁ?" అన్నాడు కంపౌండరు, చెవికి చేయి అడ్డం పెట్టుకొని.

ఇక ఆయన లేచి గొట్టం తీసుకోక తప్పలేదు. అప్పటి నుంచి ప్రతి నెలా అంతే. ఆ సోమవారం గొట్టం ఎట్లాగూ మెడలో పడింది కదా అని డాక్టరు గారు తర్వాత వచ్చినవాళ్ళను కూడా పది పదిహేను మందిని తల ఎత్తి చూసేవారు. నేను ఆ సంగతి కనిపెట్టి, నాకు మనసులో అనుమానంగా ఉన్నవాళ్ళకు, "సోమవారం రా, ఇయ్యాల వద్దు" అని చెప్పి పంపేదాన్ని. ఎంతమందికి పనికొచ్చిందో తెలియదు. ఒకతని గుండెలో తేడా మాత్రం అట్లా దొరికింది.

అయిదేళ్ళు నడిచింది. తర్వాత కంపౌండరు పని చాలించుకొని ఇంట్లో కూర్చున్నాడు. ఆయన పోయింది చాలా కాలానికి, ముసలితనంతో. ఆయన మానేసిన ఏడు దసరాకు నేను పెట్టిన బొట్టు మళ్ళీ దసరాకు చూస్తే చెక్కు చెదరలేదు. ఈసారి దాని మీద ఇంకోటి పెట్టలేదు. తడి బట్ట పెట్టి శుభ్రంగా తుడిచి, మేకుకు తగిలించి, డాక్టరు గారికి చెప్పి పని మానేశాను. "ఎందుకమ్మా?" అని తల వంచుకునే అడిగారు. మోకాళ్ళ నొప్పులన్నాను. చీటీ రాసిచ్చారు.

పెట్టెలో నుంచి ఒక తెల్ల బిళ్ళ మాత్రం కొంగుకు కట్టుకొని వచ్చాను. దొంగతనమే. ఇప్పుడు రంగు పోయి ఉత్త రేకు మిగిలింది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు దాన్ని బల్ల మీద పెడతాను. రాసేవాళ్ళు రాయడం ఆపి, "ఇదేంటి పెద్దమ్మా?" అని తల ఎత్తి నన్ను చూస్తారు.

అప్పుడు చెబుతాను నా బాధ.